మొదటి పూత

ముప్పై నాలుగేళ్లు గోడలకు రంగులేశాను.
ఈ వూచ్ నగరంలో బట్టల మిల్లులు మూతబడి
అపార్ట్‌మెంట్లుగా మారిన ఎర్ర ఇటుక భవనాల్లో
వెతికితే ఎక్కడో ఒక గది నా చేతి పూతే.
ఏ కుంచె గీతలు వదులుతుందో, ఏది వదలదో
కళ్లు మూసుకుని, వెంట్రుకల మీద బొటనవేలు రాసి చెబుతాను.

అలాంటిదాన్ని
నవంబరు మధ్యాహ్నం ట్రాము దిగి
సబ్బుల వాసనేసే ఈ కొట్టులో
ఒక అల్మారా ముందు
దారి తప్పిన పిల్లలా నిలబడ్డాను.

శనివారం రెగీనా పెళ్లి.
అరవై రెండో ఏట, రెండోసారి.
సాక్షి సంతకం నాది.
"ఫొటోలు తీస్తారు బొగుమీవా,
ఈసారైనా మొహానికేదైనా రాసుకుని రా.
సున్నం తప్ప ఏదైనా."

మా భాషలో ఫౌండేషన్‌కీ
గోడకి వేసే ప్రైమర్‌కీ
రైలు పట్టాల కింద పరిచే దిమ్మెకీ ఒకటే పేరు.
కాబట్టి నాకు తెలిసిన పనే అనుకున్నాను.
కాదు.

కింగా అని బిళ్ల పెట్టుకున్న అమ్మాయి
ఒక్కొక్కటే నా ముందు పెట్టింది.
బల్లపరుపు కుంచె పట్టుకోగానే చెప్పాను,
ఇది కిటికీ చట్రాలకి. బుగ్గ మీద చారలు పడతాయి.
గుండ్రటిది, ఒత్తుగా ఉంది, దీన్ని నమ్మొచ్చు,
కానీ రోజూ కడగాలి, నా బద్ధకం నాకు తెలుసు.
జారే రబ్బరు బిళ్ల ఒకటి: "రంగు చుక్క కూడా తాగదండీ."
నిజమే తల్లీ,
ఏమీ తాగనిది ఏమీ పంచలేదు కూడా.

చివరికి గుడ్డులాంటి గులాబీ స్పాంజి.
"నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, అప్పుడు అద్దాలి.
పొడిగా ఉంటే సీసా అంతా అదే మింగేస్తుంది."
ఎండు గోడా అంతే, అన్నాను.
"రుద్దకూడదు. తట్టాలి."
అది మాత్రం నాకు కొత్త.
ఇన్నేళ్లూ నేను దేన్నీ తట్టలేదు. లాగాను, గీకాను,
లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో అరగదీశాను.

షేడ్ చూడ్డానికి నా దవడ మీద మూడు గీతలు పెట్టి
తలుపు దగ్గరికి, పగటి వెలుగులోకి తీసుకెళ్లింది.
అక్కడ చూశాను దాని మొహం.
మొటిమల మీద మందపు పూత,
మెడ దగ్గర తెగ్గోసినట్టు అంచు.
పనిలో చేరి మూడు వారాలేనట.
ఒక మాట చెప్పనా అని అడిగి, సరేనన్నాక,
నా వేలితో దాని దవడ కింద మెల్లగా కలిపాను.
అంచు దగ్గరికొచ్చేసరికి చెయ్యి తేలికవ్వాలి,
కుంచె గాల్లోకి లేస్తుండగానే పూత ఆగిపోవాలి.
అద్దంలో చూసుకుంది. ఏమీ అనలేదు.
స్పాంజి ఇరవై జ్లోటీలు. తగ్గించలేదు.

శుక్రవారం రాత్రి స్నానాల గదిలో
మొదటిసారి మరీ ఎక్కువ. కడిగేశాను.
రెండోసారి ముక్కు పక్కన మరిచాను.
మూడోసారి, నిచ్చెన మీంచి పడ్డప్పటి గడ్డం గాటు దగ్గర
చెయ్యి దానంతటదే ఆగింది.
ఆ ఒక్కచోటా ఇటుక కనబడనీ అనిపించింది.

రిజిస్ట్రారు ఆఫీసులో రెగీనా నన్ను ఎగాదిగా చూసి
"ఏమీ రాసుకోలేదుగా, మొండిదానా" అంది.
గోడ చూసి ఎవరూ రంగు ఊసెత్తకపోతే
ఆ రోజు కూలీ గిట్టినట్టే మా లెక్కలో.

సంతకాలయ్యాక తనకి ఏడుపు తన్నుకొచ్చింది.
కళ్ల కింద కాటుకా పూతా కలిసి కారుతుంటే
"సర్దు, తొందరగా సర్దు, ఫొటో వాడొస్తున్నాడు" అంటోంది.
కోటు జేబులో స్పాంజి ఉంది, తడిగా, కవరులో.
తీయలేదు.
చెమ్మ గోడ మీద ఏ పూతా నిలవదే, అన్నాను.
ముందు కానీ.
ఆరేదాకా ఇక్కడే ఉంటాను.